ఆంగ్ల సమస్తపదములు, సంజ్ఞానామములు – అర్థనిర్ణయ విచారము: అనకాపల్లి ప్రాంత వ్యవహారము ఆధారముగ

ఆంగ్లభాషనుండి తెలుగులోనికి వచ్చిన పదములను విచారించువారు సాధారణముగ ధ్వనిమార్పులకే ప్రాధాన్యమిత్తురు. 'హాస్పిటల్' 'ఆసుపత్రి' యైన విధము, 'స్టేషను' పల్లెవారి నోట 'టేసను' ఐన విధము అందరికిని తెలిసినవే. అర్థవిచారమునకు వచ్చునప్పటికి చిక్కు ఏకపదములలో కంటె సమస్తపదములలో హెచ్చు. ఏకపదమునకు నిఘంటువు చాలును. రెండు పదములు కలిసి ఏర్పడిన మాటలో రెండింటి అర్థములు నిఘంటువున దొరకినను, ఆ రెండింటికి గల సంబంధము దొరకదు. దానిని తెలుపునది విగ్రహవాక్యము. ప్రాచ్యకళాశాల విద్యార్థికి విగ్రహము చెప్పి సమాసనామమును నిర్ణయించుట తొలినాటినుండి అలవాటైన పని. అదే విద్యార్థి అనువాదపత్రమున ఆంగ్లసమాసము ఎదురైనప్పుడు ఆ సాధనమును ప్రక్కన బెట్టి, అవయవములకు వేరువేరుగ తెలుగుమాటలు వ్రాసి జతపరచును. అట్లు పుట్టిన అర్థము ఒకచో హాస్యాస్పదము, మరియొకచో ప్రమాదకరము.

ఈ విచారమునకు అనకాపల్లి తగిన క్షేత్రము. బెల్లపు విపణి, 1913లో ఏర్పడిన చెరకు పరిశోధన కేంద్రము, అపరాల వర్తకము, రైలుమార్గము – ఇవన్నియు ఒక పట్టణమున కూడియుండుటచే ఆంగ్లసమాసములు అచట గ్రంథములలో గాక బస్తాలమీద, చీటీలమీద, నామఫలకములమీద కనిపించును. 2022 ఏప్రిల్‌లో ఇది జిల్లా కేంద్రమైన పిదప ఆంగ్లపు ఉత్తరువులు తెలుగునకు మారవలసిన అక్కరయు పెరిగినది.

శబ్దశక్తిని గూర్చి విశ్వనాథపంచాననుడు సిద్ధాంతముక్తావళిలో చూపిన విభాగము ఇచట మిక్కిలి ఉపకరించును. పదము నాలుగు విధములు. అవయవార్థము చేతనే బోధించునది యౌగికము; పాచకశబ్దము వంటిది. అవయవార్థముతో పనిలేక సముదాయశక్తి చేతనే బోధించునది రూఢము. అవయవార్థమును విడువకయే ఒక వస్తువునందు నియతమైనది యోగరూఢము. బురదలో పుట్టునవి పెక్కులున్నను పంకజమన్నచో తామరయే. ఇక ఒకచో యోగముచేతను, మరియొకచో రూఢిచేతను వేరువేరు అర్థములనిచ్చునది యౌగికరూఢము. ఉద్భిచ్ఛబ్దము మొలకెత్తు వృక్షాదులను చెప్పును, యాగవిశేషమును చెప్పును. ఆంగ్లసమాసము ఈ నాలుగింటిలో ఏ కోవకు చెందునో తేల్చుకొనక తెలుగుమాటను వెదకుట, రోగమును నిర్ణయింపక మందు నూరుట వంటిది.

అపరాల దుకాణముతో విచారమును ప్రారంభింపవచ్చును. బెంగాల్ గ్రామ్, గ్రీన్ గ్రామ్, బ్లాక్ గ్రామ్, రెడ్ గ్రామ్, హార్స్ గ్రామ్ – ఉత్తరపదము అన్నిటను ఒక్కటే. ఈ 'గ్రామ్' తూకపు గ్రాము కాదు. తూకపు మాట గ్రీకుమూలము కలది, ఫ్రెంచివారి ద్వారా వచ్చినది. ధాన్యపు మాట పోర్చుగీసువారిది. గింజ యని దాని అర్థము. లాటినునందలి 'గ్రానమ్' దానికి మూలము. ధ్వని ఒక్కటైనను పదములు రెండు. తెలుగులిపిలో రెండును ఒకే తీరున వ్రాయబడుటచే సందేహము మరింత పెరిగినది.

ఉత్తరపదము ఒక్కటైనను విగ్రహములు వేరు. 'గ్రీన్ గ్రామ్' విశేషణపూర్వపద కర్మధారయము. పచ్చదనము గింజ పైపొట్టుదే కాని పప్పుది కాదు, పెసరపప్పు పసుపుపచ్చన. 'బ్లాక్ గ్రామ్'నందలి నలుపును పొట్టుదే. పొట్టు తీసిన మినపగుళ్లు తెల్లన. 'రెడ్ గ్రామ్' అనిపించుకొన్న కందియు పప్పైనప్పుడు పచ్చనే. అనగా విశేషణము ద్రవ్యమంతటికిని గాక దాని ఏకదేశమునకు మాత్రమే అన్వయించుచున్నది. 'బెంగాల్ గ్రామ్' మధ్యమపదలోపి. శాకపార్థివాదులలో 'ప్రియ' శబ్దము లోపించినట్లు ఇచట 'సంబంధి' యనునట్టి పదమొకటి లోపించినది. తెలుగువారికి శనగ పరాయిది కాదు. కావున ఆ దేశనామము ఆంగ్లవర్తకుల దృష్టిని తెలుపునే గాని తెలుగువాని దృష్టిని తెలుపదు. విచిత్రమేమన, తెలుగువారును ఒక వస్తువునకు బంగాళదేశపు పేరు పెట్టిరి. అది శనగ గాదు, బంగాళాదుంప. ఒకే దేశనామము రెండు భాషలలో రెండు వేరు వస్తువులకు అంటుకొన్నది. అట్టిచో పూర్వపదమును అనువదించుటకు తావెక్కడిది?

'హార్స్ గ్రామ్' మరింత ఆసక్తికరము. గుఱ్ఱమునకు పెట్టు గింజ కావున ఇది చతుర్థీతత్పురుష మని తోచును. గుఱ్ఱమునకు గుగ్గిళ్లు పెట్టుట తెలుగుదేశమున తెలియనివారు లేరు. కాని అష్టాధ్యాయి 2.1.36 సూత్రమునందలి తదర్థ చతుర్థీసమాసము ప్రకృతివికృతిభావమున్నచోటనే ప్రవర్తించునని వైయాకరణుల నిర్ణయము. యూపమునకై తెచ్చిన దారువు యూపముగ మారును గనుక యూపదారువు చతుర్థీసమాసము. గడ్డి గుఱ్ఱముగ మారదు గనుక అశ్వఘాసాదులు షష్ఠీసమాసములు. ఉలవలకును అదే న్యాయము. ఇంత సూక్ష్మమైన విభాగము ఆంగ్లపదమునకు కావలెనా యని ఆక్షేపింపవచ్చును. ప్రయోజనము లేకపోలేదు. ఆంగ్లమున 'హార్స్' అను పూర్వపదము కొన్నిచోట్ల మేతను తెలుపక మోటుదనమును తెలుపును. 'హార్స్ రాడిష్' అనునది గుఱ్ఱమునకు పెట్టు ముల్లంగి కాదు, ఘాటైన మోటుజాతి దుంప. సంస్కృతమున అశ్వగంధయందలి అశ్వపదము వాసన ద్వారా అన్యపదార్థమును చెప్పు బహువ్రీహిలో చేరినది. పూర్వపదము మూడుచోట్లను గుఱ్ఱమే, సంబంధములు మూడు. వీనిని ఒకే గాటకట్టిన అనువాదకుడు మూడింటిలో రెండింటిని తప్పక చెడగొట్టును.

ఈ అయిదు ధాన్యములకును సంస్కృతమున చణకము, ముద్గము, మాషము, ఆఢకి, కులత్థము అను పేర్లు, తెలుగున శనగ, పెసర, మినుము, కంది, ఉలవ యను పేర్లు స్వతంత్రముగ కలవు. ఆంగ్లేయులకు ఈ గింజలు క్రొత్తవి. అందుచే ఒక సామాన్యనామమును గైకొని విశేషణములు తగిలించుకొనవలసి వచ్చినది. కృషికుటుంబముల భాష సమాసములతో పనిలేకయే వస్తుభేదమును చెప్పగలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము తొలిసంపుటము, వ్యవసాయపదముల సంపుటము, తిరుగవేయువారికి ఈ సంగతి పుటపుటను బోధపడును.

అపరాలనుండి తీపివస్తువులకు వచ్చినచో సమాసము మరియొక వింతను చూపును. 'షుగర్ కేన్' అన్న చెరకు. 'కేన్ షుగర్' అన్న చెరకునుండి తీసిన పంచదార. పదములు తారుమారైనచో ప్రధానార్థము మారినది. ఆంగ్లతత్పురుషయు ఉత్తరపదార్థప్రధానమే యనుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు. 'కేన్ చెయిర్' అన్నప్పుడు మాత్రము 'కేన్' చెరకు కాదు, బెత్తము.

'షుగర్ కాండీ' యను మాటను విప్పినచో సంస్కృతాధ్యాపకునకు ఆశ్చర్యము కలుగక మానదు. 'షుగర్'కు మూలము శర్కర. పారసీకమున షకర్, అరబ్బీయమున సుక్కర్, మధ్యకాలపు లాటిను, ఫ్రెంచి రూపములు దాటి ఆ మాట ఇంగ్లండు చేరినది. 'కాండీ'కి మూలము ఖండము. అదియు పారసీకపు కంద్, అరబ్బీయపు కందీ మీదుగ నడచినది. అనగా 'షుగర్ కాండీ' ఆంగ్లవేషమున నున్న 'శర్కరాఖండము'. రెండవయవములును సంస్కృతభవములే, సమాసము మాత్రము పరదేశమున జరిగినది. ఇది చాలక 'జాగరీ'యను మాటయు శర్కరయే. అది మలయాళపు చక్కర నుండి పోర్చుగీసువారి నోట 'జాగర'యై ఆంగ్లమున స్థిరపడెను. ఒకే శర్కరాశబ్దము తెలుగున తద్భవమై చక్కెర యైనది, ఆంగ్లమున ఒక త్రోవను షుగరై, వేరొక త్రోవను జాగరీ యైనది. మూలార్థము గులకరాయి, గరుకుదనమే సామ్యము.

మూలము తెలిసినంతమాత్రమున అనువాదము తెలిసినట్లు కాదు. 'షుగర్ కాండీ'ని 'శర్కరాఖండము' అని వ్రాసిన విద్యార్థికి వ్యుత్పత్తి తెలియును, వస్తువు తెలియదు. అంగడిలో దాని పేరు పటికబెల్లము లేక కలకండ. పటికబెల్లములో పటికయు లేదు, బెల్లమును లేదు. పటికవలె తెల్లగా స్ఫటికాకారమున నుండుటయే కారణము. ఉపమానపూర్వపద కర్మధారయమే యైనను ఉత్తరపదమును లాక్షణికమే. తెలుగుసమాసమునే అవయవార్థములతో ఆంగ్లీకరించినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. సమాసములు ఏ భాషలోనైనను ఒకే పరీక్షను కోరును.

రంగును తెలుపు విశేషణములున్న సమాసములకు వైయాకరణుల కృష్ణసర్పోదాహరణము దారి చూపును. 2.1.57 సూత్రమునందు బహులగ్రహణముండుటచే ఈ విశేషణసమాసము కొన్నిచోట్ల నిత్యమగును, కొన్నిచోట్ల అసలు రాదు. కృష్ణసర్పమనునది నల్లగానున్న ప్రతిపామును గాదు, ఒక జాతిసర్పము. అట్లే 'బ్లాక్‌బోర్డు' ఒక వస్తుజాతి. దానికి ఆకుపచ్చరంగు పూసినను అది బ్లాక్‌బోర్డే. ఆంగ్లేయుడు ఈ భేదమును ఊనికతో చూపును. సమాసమైనచో ఊనిక పూర్వపదముపై పడును, విడిపదములైనచో ఉత్తరపదముపైనను నిలుచును. తెలుగులిపి ఊనికను చూపజాలదు గనుక 'బ్లాక్ బోర్డు' అని విడదీసి వ్రాసిన తెలుగువానికి భేదమే కనబడదు.

'బ్లాక్ జాగరీ' యను మాటలో ఈ భేదము జీవనాధారమునకు సంబంధించిన విషయమైనది. తెలుగున నల్లబెల్లము. ఇది విశేషణసమాసమా, సంజ్ఞయా? విశేషణమైనచో నలుపురంగుగల ఏ బెల్లమైనను నల్లబెల్లమే. చెరకురసమును తేర్చుటలోని లోపము, భూమి గుణము, పాకము ముదురుట – వీనిలో దేనివలననైనను బెల్లము నల్లబడవచ్చును. రంగు తేలుటకై హైడ్రోసు వంటి రసాయనము వేయని రైతు బెల్లమును కొంత నల్లగనే యుండును. తినువానికి అదియే మేలు. సంజ్ఞయైనచో నల్లబెల్లమనగా తినుటకు కొరగాక నాటుసారా కాచుటకు వినియోగపడు ఒకానొక హీనజాతి సరకు. ఆబ్కారీ శాఖ ఉత్తరువులలో ఆ మాటకు అభిప్రేతమైనది రెండవ అర్థము. బస్తాను విప్పిచూచువాని కంటికి కనబడునది మొదటి అర్థము. బెల్లము నిల్వలను స్వాధీనపరచుకొనుటను గూర్చిన వివాదములు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము వరకును పోయినవి. ఒక్క సమాసమునందలి పూర్వపదము ఉపలక్షణమా, విశేషణమా యను ప్రశ్న బండిమీది సరకు ఇంటికి చేరునా, ఠాణాకు చేరునా యనుటను నిర్ణయించినది. ఉద్భిచ్ఛబ్దమువలె ఇది యౌగికరూఢము. ఇట్టి మాటను చట్టవిషయమున వాడునప్పుడు 'నల్లబెల్లము' అని వ్రాసి ఊరకుండుట చాలదు. సారాకాపునకు వాడు, ఆహారమునకు పనికిరాని బెల్లమని వివరింపవలెను. రంగు సాక్ష్యమే గాని లక్షణము కాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనవి నారలను గూర్చిన సమాసములు. భీమునిపట్నమును ఆంగ్లేయులు 'బిమ్లిపటమ్' అనిరి. అచటి రేవునుండి ఎగుమతియైన నార 'బిమ్లిపటమ్ జూట్', సంక్షేపమున 'బిమ్లీ జూట్' అని వర్తకమున ప్రసిద్ధికెక్కినది. అది జూటు కాదు. జూటు కార్కోరస్ జాతిమొక్క; బిమ్లీ జూట్ హైబిస్కస్ జాతిది, తెలుగువారి గోగు. ఇచట ఉత్తరపదము స్వార్థమును విడిచి తత్సదృశమును చెప్పుచున్నది. ఆ మొక్కకే 'దక్కన్ హెంప్' అను పేరును కలదు. అది హెంపును కాదు. ఆంగ్లవర్తకులు తెలిసిన నారపేరును తెలియని నారకు తగిలించి దేశనామముతో వేరుపరచిరి. జూటు అను మాట బంగాళీ ద్వారా జటాజూటమునందలి జూటశబ్దమునుండియే వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. భీముని పేరును శివుని జడయు కలిసిన ఈ 'బిమ్లీ జూట్'ను ఆంగ్లసమాసమనుటయు ఒక విధమైన ఔపచారికమే.

తెలుగు పాఠ్యగ్రంథములలో జూటును జనపనార యనుట కలదు. జనపనార అనగా జనుమునార. జనుము శణశబ్దభవము, దాని ఆంగ్లనామము 'సన్ హెంప్'. ఈ 'సన్' సూర్యుడు కాదు, ఆ శణమే. జూటును జనుమనినచో, నిజమైన జనుమునకు ఏమి పేరు పెట్టవలెను? నిఘంటువు విప్పిన అనువాదకుడు 'హెంప్'కు ఎదుట గంజాయి యను అర్థమును చూచును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునందు గంజాయి మొక్కకు వాడిన ఆంగ్లపదములలో ఇదియు నొకటి. 'సన్ హెంప్' విత్తనములను పచ్చిరొట్టకై చల్లుమని చెప్పు వ్యవసాయ కరపత్రమును అవయవార్థములతో తెలుగు చేసినచో అది రైతును గంజాయి సాగుచేయుమని ప్రోత్సహించు పత్రమగును. గంజాయి రవాణా కేసులు తరచుగ వినవచ్చు విశాఖ మన్యపు అంచున నున్న అనకాపల్లి ప్రాంతమున ఇది నవ్వి వదలివేయదగిన పొరపాటు కాదు. 'సన్ హెంప్' జనుము, 'బిమ్లీ జూట్' గోగు, 'జూట్' జూటే – ఇట్లు ఒక్కొక్క సమాసమునకు ఒక్కొక్క వస్తువును నిలుపవలెనే గాని అవయవముల జోలికి పోరాదు.

ఇక సంక్షేపములు. చెరకువంగడముల పేర్లలో మొదట కనిపించు 'కో' అను అక్షరము కోయంబత్తూరునకు సంకేతము. 1912లో అచట ఏర్పడిన చెరకు ప్రజనన సంస్థనుండి వెలువడిన సంకరవంగడములకు ఈ గుర్తు; 1918లో సాగులోనికి వచ్చిన 'కో 205' వానిలో తొలిది. 'కో ఎ' అని యున్నచో రెండవ అక్షరము అనకాపల్లి. కోయంబత్తూరున సంకరము జరిగి అనకాపల్లిలో ఎంపికయైనదని తాత్పర్యము. రెండు స్థలనామముల ఆద్యక్షరములు కలిసిన ద్వంద్వ మిది. సముచ్చయముతో పాటు పౌర్వాపర్యమును ఇందు కలదు. 'కో' అను అక్షరము సంస్థల పేర్ల చివర కంపెనీకి గుర్తు. ఏటికొప్పాక, గోవాడ, తుమ్మపాల చక్కెర కర్మాగారముల పేర్లలోని 'కో-ఆపరేటివ్' అను మాటలో అదే 'కో' సహార్థకమైన ఉపసర్గము. ఒక్క చెరకు విషయమునందే మూడు 'కో'లు, మూడర్థములు.

'కో ఎ 92081' అను వంగడమునకు '87 ఎ 298' అను సంఖ్య ముందునుండి కలదు. దాని వ్యవహారనామము విశ్వామిత్ర. అంకెలు గుర్తుంచుకొనజాలని రైతుకు పేరు కావలెను. పెట్టినవారు సృష్టికి ప్రతిసృష్టి చేసిన ఋషిని తలచుకొనిరి కాబోలు. వ్యాకరణదృష్టితో ఈ పేరు చక్కగ నప్పినది. విశ్వ, మిత్ర పదములు కలిసినప్పుడు ఋషి యను అర్థముననే పూర్వపదాంతమునకు దీర్ఘము వచ్చునని 6.3.130 సూత్రము. ఋషి కానిచో విశ్వమిత్రుడే. కనుక చెరకువంగడమునకు దీర్ఘముతో పేరుపెట్టుటచే అది సర్వజనమిత్రమను యౌగికార్థమును గాక ఋషినామమునే గ్రహించినట్లు స్పష్టము. కరపత్రములలో 'విశ్వమిత్ర' అని హ్రస్వముతో అచ్చువేసినచో అది ముద్రణదోషము మాత్రమే కాదు, అర్థభేదము.

రైలుమార్గమునకు సంబంధించిన పదములలో తెలుగు తన స్వాతంత్ర్యమును చూపినది. ఆంగ్లమున 'రైల్' అనగా ఇనుపకమ్మి. లాటిను 'రెగులా' దానికి మూలము, తిన్నని బద్ద యని అర్థము. కమ్ములమీద నడచు బండి కావున తెలుగున 'రైలుబండి', మధ్యమపదలోపి. పిమ్మట ఉత్తరపదము జారిపోయి 'రైలు' అనగా బండియే యైనది. సత్యభామను భామ యనుటకును, భీమసేనుని భీముడనుటకును వైయాకరణులు అంగీకరించిన లోపమే ఇది. 'వైజాగ్', 'బిమ్లీ' అనునవియు 'పట్నము' జారిన రూపములే. ఆంగ్లేయుని చెవికి 'రైలుపట్టాలు' అను మాట 'కమ్మికమ్ములు' అని వినబడవచ్చును. తెలుగున అది బండి నడచు పట్టాలని నిర్దుష్టమైన షష్ఠీతత్పురుష. ఎరువుమాటకు పుచ్చుకొన్న భాషలో కుదిరిన అర్థమే అర్థము. దీనిని పునరుక్తిదోషమనువారు కలరు గాని అది సరికాదు.

వ్యక్తినామములకు వచ్చినచో న్యాయము మారును. పైన చెప్పిన బహులగ్రహణమునకు రెండవ ఫలము రామో జామదగ్న్యః అనుచోట సమాసము రాకుండుట. రాముడు, జామదగ్న్యుడు అను రెండును ఒక్క వ్యక్తినే చెప్పినను విడిగనే నిలుచును. ఆంగ్లనామములలోని ఇంటిపేర్లును ఇట్టివే. అవి విశేషణములవలె తోచినను విశేషణములు కావు. ఆర్థర్ కాటన్ అనుచో 'కాటన్' ప్రత్తి కాదు. ప్రత్తి యను అర్థముగల మాట అరబ్బీయపు 'కుత్న్'నుండి వచ్చినది. ఇంటిపేరు ప్రాచీనాంగ్లమున గుడిసెలను తెలుపు మాటనుండి పుట్టిన ఊరిపేరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తిచేసిన దొరపేరు గల 'కాటన్ బ్యారేజి'ని 'ప్రత్తి ఆనకట్ట' యను ఛాత్రుడు నేడు లేకపోవచ్చును. గోదావరికి దూరమైన అనువాదయంత్రము మాత్రము అనగలదు.

1816లో తెలుగువ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన కాంబెల్ ఇంటిపేరు మరింత సరసమైనది. స్కాట్లండు గేలిక్ భాషలో 'కామ్' అనగా వంకర, 'బేల్' అనగా నోరు. వంకరనోరు కలవాడు కాంబెల్ – అన్యపదార్థప్రధానమైన బహువ్రీహి. వక్రతుండశబ్దమునకు ఇది అక్షరాల సమానార్థకము. తెలుగువ్యాకరణమునకు పూనుకొన్న పాశ్చాత్యునికి విఘ్నేశ్వరుని పేరు తెలియకయే కలిసివచ్చుట కాకతాళీయము. దానిని అర్థముగ గ్రహింపరాదు. పేరు పేరుగనే వ్యవహరించును. విగ్రహము చరిత్రకే పనికివచ్చును. బ్రౌనుదొర పేరునందలి గోధుమవన్నెను మరచి తెలుగు పండితులు 'బ్రౌణ్యము' అని తద్ధితాంతమును కల్పించుకొనిరి. ఆయన 1854లో ప్రకటించిన మిశ్రభాషానిఘంటువు తెలుగున చేరిన అన్యభాషాపదములకు ప్రత్యేకముగ ఏర్పడిన గ్రంథము. ఆంగ్లమున చేరిన భారతీయపదములకు 1886లో యూల్, బర్నెల్ కూర్చిన నిఘంటువు పేరు 'హాబ్సన్-జాబ్సన్'. చూచుటకు ఇద్దరు దొరల పేర్ల ద్వంద్వము. నిజమునకు మొహరములో వినవచ్చు 'యా హసన్, యా హుసేన్' అను పిలుపు ఆంగ్లసైనికుల నోట పడిన రూపము. అవయవములు రెండును కల్పితములే. సంజ్ఞలయందు అవయవార్థమును నమ్మరాదనుటకు ఆ గ్రంథశీర్షికయే చాలును.

స్థలనామములలో విశాఖపట్నపు 'డాల్ఫిన్స్ నోస్', 'లాసన్స్ బే' వంటివానిలో షష్ఠీప్రత్యయమైన సకారము లోపింపక నిలిచినది. వాచస్పతి, యుధిష్ఠిరాదులవలె ఇవి అలుక్ సమాసములు. తెలుగువారు ఆ సకారమును పదభాగముగనే గ్రహించి 'లాసన్స్ బే కాలనీ' అందురు. విడదీసి 'లాసన్ బే' అన్నచో స్థానికుడు ఒక క్షణము తడబడును. 'డాల్ఫిన్స్ నోస్' కొండ ఆకారసామ్యముచే వచ్చిన పేరు. అన్యపదార్థమైన కొండ శబ్దములో లేదు. తెలుగున 'కొండ' యను మాటను చేర్చక తప్పదు.

ఆ పట్టణముననే కలెక్టరు టర్నరు పేర 'టర్నర్స్ చౌల్ట్రీ' కలదు. 'చౌల్ట్రీ' యను మాటను, వ్యుత్పత్తి సందిగ్ధమే యనుచు, మన చావడితో హాబ్సన్-జాబ్సన్ కర్తలు ముడిపెట్టిరి. అట్లని దానిని 'టర్నరు చావడి' యని వెనుకకు మరల్చుట కుదరదు. తెలుగున చావడి యనగా రచ్చచావడి, ఊరిపెద్దలు కూర్చుండు చోటు. ఆంగ్లేయుల నోట అది బాటసారులు విడియు తావునకు రూఢమైనది. పేరు పెట్టునాటికి ఉద్దేశింపబడినది ఆ రెండవ అర్థమే. వ్యాకరణము చదువని విశాఖజనులు దానిని టర్నరు సత్రమనిరి. అనువాదకుడు ఆ మాటనే వ్రాయవలెను.